దివానియా టీవీలో నా హౌసీ టికెట్టు

మే, ఆ టీ గ్లాసు ఇట్లా ఇచ్చి అందరూ కూర్చోండి. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే ఓపిక నాకు లేదు. పోయిన వారం బేస్తవారం ఆన్‌లైన్ ఆటలో సుబ్బరత్న వీడియోలో ఎవురో గడ్డం మొగోడు కనపడినాడని, ఆడోళ్ళంతా కెవ్వున అరిచి కెమెరాలు ఆపేసినారని మీ చెవిన పడే ఉంటాది. ఆ గడ్డం ఎవురిది, నా వంటింట్లోకి ఎట్లా వచ్చె, నేనేం ఘనకార్యం చేస్తి, అన్నీ నా నోటితోనే వినండి. ఇప్పుడు నాకూ నవ్వొస్తాంది గానీ, ఆ పొద్దు మాత్రం నవ్వు రాలే. ఇంగ మనకు ఇండియా టికెట్టేనని పెట్టె యాడ పెట్టినానో ఎతుక్కుంటి!

పద్మ కొత్తగా వచ్చింది కాబట్టి మొదట్నించీ చెప్తా. ఈ కువైట్‌లోనే, అబూ హలీఫాలో మాధవక్క అని ఉండాది. విజయవాడ మనిషి. ఆయమ్మ మొగుడు ఇంజనీరు. ఆయమ్మ ప్రతి బేస్తవారం సాయంత్రం తెలుగు ఆడోళ్ళకు ఆన్‌లైన్‌లో బింగో ఆడిస్తాది. పేరు బింగో, ఆట మన హౌసీనే. డబ్బులు పెట్టేది లేదు, అట్లాంటివి ఇక్కడ చేస్తే ఖలాస్, నేరుగా ఎయిర్‌పోర్టే. ఊరికే సరదాకు. గెలిచినోళ్ళకు గోంగూర పచ్చడో, స్టీలు డబ్బానో ఇస్తాది. అయితే ఈ తూరి ఫుల్ హౌస్‌కు ఏం పెట్టిందో తెలుసా? గ్రైండర్! టేబుల్ మీద పెట్టుకునే గ్రైండరు, నల్లరాయి గుండ్లతో!

ఆ ఫోటో గ్రూపులో చూసినప్పట్నించి నాకు అదే ధ్యాస. శుక్రవారం శుక్రవారం మనమంతా ఈ రూములో చేరి ప్యాకెట్ పిండితో దోసెలు పోసుకుంటాం. అది దోసెనా చెప్పండి? పుల్లగా, రబ్బరు మాదిరి. ఆ గ్రైండర్ గెలిచి తెచ్చి ఈ మూల పెట్టేస్తే? మెత్తటి పిండి, ఎర్రకారం దోసె! అప్పుడే ప్లగ్గు యాడుందో గూడా చూసి పెట్టుకుంటి.

సరే, ఆటలో చేరాలంటే సైన్-అప్ కావాలంట. మాధవక్క లింకు పంపె. నొక్కితి. పేరు అడిగె. సుబ్బరత్న అని కొడితి. ఆ పేరు ఇంగెవురో తీసుకున్నారంట! మా అమ్మ పెట్టిన పేరు, మా అవ్వ పేరు, దాన్ని ఇంగెవురు తీసుకునింది? సుబ్బరత్న రాజంపేట అని కొడితి. అదీ తీసుకున్నారంట! మా రాజంపేటలో, నాకు తెలీకుండా, కువైట్‌లో, ఇంగో సుబ్బరత్నా? కోపం వచ్చి మాధవక్కకు ఫోన్ చేస్తి.

"అక్కా, నా పేరు మీద ఎవురో దొంగ చేరింది."

ఆయమ్మ చూసి ఒకటే నవ్వు. "రత్నా, ఆ దొంగ నువ్వే. మొన్న ఒకసారి రిజిస్టర్ చేశావు, నిన్న ఇంకోసారి చేశావు. రెండుసార్లూ పాస్‌వర్డ్ దగ్గర వదిలేశావు."

నాకు నేనే అడ్డం పడినానన్న మాట! మూడోసారికి 'రత్నా కిచెన్ క్వీన్' అని పెట్టుకుంటి. ఇంగ పాస్‌వర్డు. నేనేం పెట్టినా 'వీక్' అంటాది. బియ్యం బస్తా ఎత్తే మనిషిని పట్టుకొని వీక్ అంటాదే! పెద్దక్షరం అంటాది, అంకె అంటాది, ఆ చుక్కా గీతా ఏదో ఒకటి ఉండాలంటాది. అన్నీ కలిపి ఏందో కొడితి, అది 'స్ట్రాంగ్' అనె, నేను ఆ నిమిషమే మరిచిపోతి. ఆఖరున నేను రోబో కాదని టిక్ పెట్టాలంట. తెల్లారింది మొదలు ఆ ఇంట్లో నేను చేసే చాకిరీకి నాకే అనుమానం గానీ, సరేలెమ్మని పెట్టేస్తి. లోపలికి పోతి! సంతోషం పట్టలేక వంటింట్లోనే ఒక గిరికీ కొట్టినా.

మా ఇంటి గురించి రవ్వంత చెప్పాల. నేను వంట చేసే కువైటీ ఇంట్లో మామా, బాబా ఇద్దరే. ఇంటామెను మామా అని, ఇంటాయనను బాబా అని పిలవాల ఇక్కడ. పిల్లోళ్ళు పెండ్లిళ్ళయి వేరే ఉండారు. బాబా మంచోడు, తిండిపోతు. ప్రతి బేస్తవారం సాయంత్రం ఆయప్ప దివానియాకు స్నేహితులు వస్తారు. దివానియా అంటే ఇంటి ముందర మొగోళ్ళు కూర్చుని కబుర్లు చెప్పుకునే పెద్ద హాలు. చుట్టూ మెత్తలు, మధ్యలో టీ, గోడకు గోడంత టీవీ. ఆ పొద్దు హరీస్ ఉండాల్సిందే. గోదుమలు, మాంసం గుజ్జుగా ఉడకబెట్టి పైన నెయ్యి పోస్తే అదే హరీస్.

ఆయప్పకు షుగరు వచ్చె, కొలెస్ట్రాలు వచ్చె. డాక్టరు నెయ్యి తగ్గించమనె. బాబా వినలే. "హరీస్ లేని బేస్తవారం నాకు బేస్తవారమే కాదు" అని భీష్మించుకునె. అప్పుడు మామా నన్ను స్టోర్ రూములోకి పిలిచి తలుపేసి, చెవిలో చెప్పె. "రత్నా, గోదుమలు తీసెయ్. ఓట్స్ వెయ్. నెయ్యి పైన వాసనకు ఒక చుక్క. బాబాకు చెప్పొద్దు. ఎవ్వరికీ చెప్పొద్దు. వల్లా, దేవుని తోడు, చెప్పినావంటే..." ఆ తర్వాత ఏమయితాదో ఆయమ్మ చెప్పలే. కండ్లు పెద్దవి చేసె, అంతే. నా తల మీద చేయి పెట్టుకొని ఒట్టు వేస్తి.

బాబా తినె. ఒక గిన్నె తిని నన్ను పిలిపించె. "రత్నా, మా అమ్మ చేసిన హరీస్ గూడా ఇంత బాగా ఉండలే" అనె! అప్పట్నించీ దివానియాకు వచ్చినోళ్ళందరికీ అదే చెప్పుకోవడం. మామా నా వైపు చూసి చూడనట్టు ఉండడం. నేను వంచిన తల ఎత్తకపోవడం. అట్లా నడుస్తా ఉండాది.

ఇంగ ఆట పొద్దుకు వస్తా. నా ఫోన్ తెర పగిలిపోయింది కదా, అంకెలు కనపడవు. వంటింట్లో ఒక ట్యాబ్ ఉండాది. ఆ డైట్ వంటల వీడియోలు చూసి నేర్చుకోమని మామానే పెట్టించింది. దానిలో ఆడదామని లింకు తెరిస్తి. పైన ఆడోళ్ళ మొఖాలు, కింద నా టికెట్టు. పిండి డబ్బాకు ఆనించి నిలబెడితి. పొద్దుగుంకే మగ్రిబ్ నమాజు అయిపోయింది. హరీస్ గిన్నెలు డ్రైవర్ బాషా చేత దివానియాకు పంపిస్తి. బాషా మన రాయచోటి పిల్లోడే, మీకందరికీ తెలుసు. మామా పైన గదిలో అక్కతో ఫోన్లో ఉండాది. నాకు అడ్డమెవురు?

అంకెలు ఇంకా చిన్నగా ఉండాయి. పెద్దవి చేద్దామని మూలలో ఉండే ఒక గుర్తు నొక్కితి. అరబీలో ఏందో రాసిన పెట్టె వచ్చె. నాకు అరబీ మాట్లాడడం వస్తాది గానీ చదవడం రాదు. నా పద్ధతి ఒకటే, నీలం రంగులో ఉండేది నొక్కేయడం. నొక్కితి. అంకెలు పెద్దవి కాలే గానీ, ట్యాబ్‌లో సౌండ్ పోయె. ఎంత పెంచినా లేదు. చెడిపోయిందేమోలే అనుకొని, ఫోన్లో గూడా అదే లింకు తెరిచి ఇయర్‌ఫోన్ చెవిలో పెట్టుకుంటి. చూసేది ట్యాబ్‌లో, వినేది మాట్లాడేది ఫోన్లో. ఎంత తెలివిదాన్నో అని నన్ను నేనే మెచ్చుకుంటి!

ఆ సౌండ్ యాడికి పోయిందనుకున్నారు? దివానియా టీవీలోకి! సౌండ్ ఒక్కటేనా? బొమ్మతో సహా! నేను నొక్కింది 'టీవీలో చూపించు' అనే గుర్తంట.

అక్కడ ఏం జరిగిందో తర్వాత బాషా చెప్తే తెలిసింది. ఇప్పుడే చెప్పేస్తా, లేకపోతే మీకు రుచి ఉండదు. వాళ్ళు ఫుట్‌బాల్ మ్యాచ్ కోసం టీవీ పెట్టుకొని కూర్చోనుండారు. గోడంత తెర మీద మ్యాచ్ పోయి మన ఆడోళ్ళు వచ్చినారు! ఒకామె తలకు నూనె పెట్టుకుంటాంది, మన గంగులమ్మ వెల్లుల్లి ఒలుస్తాంది, ఇంగొకామె పిల్లోని ముక్కు తుడుస్తాంది. ఒక మూల రెండు పెద్ద ముక్కు రంధ్రాలు, వెనకాల వంటింటి ఫ్యాను. అవి నావి. ట్యాబ్‌ను కింద పెడితే అట్లే కనపడతారంట, నాకేం తెలుసు?

"షిను హాదా? ఏందిది?" అని బాబా లేచె. "బాషా, ఆపు!" బాషా రిమోటు ఎతుకుతాండాడు. అది ఎవురో పెద్దమనిషి కింద ఉండాది, లెయ్యమని అడగాలంటే వానికి భయం.

సరిగ్గా అప్పుడే, ఇక్కడ, ఆట ఇంకా మొదలుకాలే గదా, గంగులమ్మ నన్ను అడిగె. "ఏం రత్నక్కా, ఇయ్యాల ఏం వండినావు?"

గంగులమ్మా, నీ నోట్లో మన్ను పొయ్య, అప్పుడే అడగాల్నా!

నాకేమో సంతోషంలో నోరు ఆగలే. తెలుగులో చెప్తే ఈ దేశంలో ఎవురికి తెలుస్తాదిలే అనే ధైర్యం గూడా. "ఏముండాది మే, బాబాకు హరీస్. హరీస్ అంటే హరీస్ కాదు, ఓట్స్! మామా సీక్రెట్. బాబాకు షుగరు కదా, నెయ్యి నో. ఆయప్ప మాత్రం సూపర్ సూపర్ అని గిన్నె నాకేస్తాండాడు!"

చూడండి ఇంగ. బాబా, హరీస్, ఓట్స్, మామా, సీక్రెట్, షుగరు, నో, సూపర్. ఆ మాటల్లో తెలుగు ఎంతుండాది? తర్జుమా చేసే మనిషి గూడా అక్కరలే! దివానియాలో ఎక్కడి చెంచాలు అక్కడ ఆగిపోయినాయంట. అందరూ గిన్నెల్లోకి చూసినారు. తర్వాత అందరూ బాబాను చూసినారు. బాబా బాషాను చూసె.

"ఏం చెప్పింది?"

బాషా పాపం నన్ను కాపాడాలని, "బాబా చల్లగా ఉండాలని దువా చేస్తాంది" అనె.

"దువాలో ఓట్స్ ఎందుకుండాయి?" అని బాబా అడిగె.

వాడు మళ్ళీ రిమోటు ఎతకను వంగె!

బాబా లేచి వంటింటికి రావాల్సిందే. వచ్చుంటే నా కథ అక్కడే ఖలాస్. కాపాడిందెవురో తెలుసా? బూ సాలెం. బాబా స్నేహితుల్లో అందరికన్నా పెద్దాయన, తెల్లగడ్డం, చేతికర్ర. ఆయన ఎప్పుడో కంటి ఆపరేషన్‌కు లండన్ పోయినప్పుడు అక్కడ ముసలోళ్ళంతా బింగో ఆడుతాంటే చూసినాడంట. టీవీలో టికెట్టు చూసి గుర్తుపట్టినాడు. "ఆగు, ఆగు! ఓట్స్ సంగతి తర్వాత. ఇది బింగో! కింద ఉండేది మన వంటామె టికెట్టు. కూర్చోండి, నేను చెప్తా" అని అందరికీ ఆట నేర్పేసె!

ఇక్కడ నాకు ఇవేవీ తెలీవు. మాధవక్క రూల్సు చెప్తాంది. "నంబర్ పిలిచాక మీ టికెట్‌లో ఉంటే నొక్కండి. అన్నీ అయితే ఫుల్ హౌస్ అని ఆకుపచ్చ బటన్ నొక్కండి. పిలవని నంబర్ నొక్కి ఫుల్ హౌస్ అన్నారంటే బోగీ! టికెట్ క్యాన్సిల్! ఎంత బతిమాలినా వినను." ఆయమ్మ గొంతు వింటే ఇస్కూల్లో కూర్చున్నట్టే ఉంటాది.

మొదలయింది. "ట్వెల్వ్, పన్నెండు!" నా టికెట్టులో ఉండాది. నొక్కితి. దివానియా నుంచి 'హో!' అని పెద్ద అరుపు. గోల్ పడినట్టుండాదిలే అనుకుంటి. "ఎయిటీ వన్!" అదీ ఉండాది! నొక్కితి. మళ్ళీ 'హో!' ఇంగో గోలా? ఇయ్యాల కువైట్ బాగా ఆడుతాందే! నాకు లేని నంబరు వచ్చినప్పుడు 'అయ్యో' అన్నట్టు ఒక మూలుగు. నాకు ఉండే నంబరు వచ్చినప్పుడు చప్పట్లు. ఇంత జరుగుతాంటే నాకు అనుమానం రావాల్నా వద్దా? రాలే! నేను గూడా మధ్యలో ఒకసారి "బాషా, ఎన్ని గోల్సు?" అని కిటికీలోంచి అరిస్తి. వాడు కిటికీ కాడికి వచ్చి చేతులూపి, తల కొట్టుకొని, టీవీ ఉండే వైపు చూపించి, ఏందేందో సైగలు చేసె. టీ అడుగుతాండారేమో అనుకొని పొయ్యి మీద పాలు పెట్టేస్తి!

ముందర ఐదు నంబర్లు కొట్టినోళ్ళకిచ్చే ఎర్లీ ఫైవ్ ఎవురికో పోయె. పై వరుస టాప్ లైన్ గంగులమ్మకు పోయె, గోంగూర పచ్చడి. నాకు దాని మీద ఆశ లేదు. నా ఆశంతా గ్రైండర్ మీదనే. ఒక్కొక్కటే నిండుతాండాది. ఆఖరుకు ఎన్ని మిగిలినాయి? రెండే! నలభై ఏడు, డెబ్భై నాలుగు. దివానియాలో చప్పుడే లేదు. ఆడ అందరూ మెత్తల మీద నుంచి లేచి టీవీ ముందర నేల మీద కూర్చున్నారంట! బాబా గూడా! ఓట్స్ మరిచిపోయినాడంట!

అప్పుడే పాలు పొంగినాయి.

పరిగెత్తి పొయ్యి ఆపుతి. ఆ ఊపులో ఇయర్‌ఫోన్ ఊడి పాలల్లో పడె. దాన్ని చెంచాతో తీస్తాండా. సరిగ్గా అదే నిమిషంలో మాధవక్క, "ఫార్టీ సెవెన్!"

నాకు వినపడలే. దివానియాలో అందరికీ వినపడె. 'హో!' అని లేచినారు. నేను నొక్కలే. ఆగినారు. నొక్కలే! "యా రత్నా!" అని అరిచినారు. నొక్కలే!

నేను చెంచాతో ఇయర్‌ఫోన్ పట్టుకొని తిరిగేసరికి వంటింటి గుమ్మంలో కర్ర టక టకమని కొడతా కాళ్ళ దాకా ఉండే తెల్ల దిష్‌దాషాలో బూ సాలెం! తలగుడ్డ పక్కకు పోయింది, రొప్పుతాండాడు, కండ్లు ఇంతింత! వెనకాల బాబా, ఆయప్ప వెనకాల దివానియా అంతా!

"రత్నా! సబా వ అర్బయీన్! సబా వ అర్బయీన్! యల్లా, యల్లా!"

దేవుడా! మా వంటింటి గడప ఏనాడూ తొక్కని మొగోళ్ళు, అంతా ఒక్కసారిగా! ఏమనుకుంటాను? ఇల్లు కాలిపోతాందో, దేశం మీదికి ఎవురన్నా వస్తాండారో! కెవ్వుమంటి. బూ సాలెం గూడా కెవ్వుమనె. ఆయన కర్రతో ట్యాబ్ చూపిస్తా మళ్ళీ "సబా వ అర్బయీన్!"

అరబీలో నలభై ఏడును 'ఏడూ నలభై' అని తిప్పి చెప్తారు. నాకు తెలీదా? ఎన్నేండ్లుగా ఆ భాషలో గుడ్లు ఎంచుతాండా! కానీ ఆ గాబరాలో నా బుర్రకు ముందర ఏడు వినపడె, తర్వాత నాలుగు వినపడె. ఏడు, నాలుగు. టపీమని డెబ్భై నాలుగు నొక్కేస్తి!

"లా! లా! లా!" కాదు కాదు అని అందరూ తలలు పట్టుకునిరి. బూ సాలెం ఇంగ నన్ను నమ్ముకుంటే లాభం లేదని తానే ముందుకొచ్చి, ట్యాబ్ మీదికి వంగి, వేలితో నలభై ఏడు నొక్కె. అంతే, టికెట్టు నిండిపోయె! ఆకుపచ్చ బటన్ తళతళమని మెరిసె. బూ సాలెం అది గూడా నొక్కేసె. "బింగో!" అని రెండు చేతులెత్తినాడు. వంటిల్లు మార్మోగిపోయె. బాబా ఎవుర్నో కౌగిలించుకుంటాండాడు. నేను గూడా "గ్రైండర్!" అని ఎగిరితి.

ఇంగ అటు పక్క సంగతి. మన ఆడోళ్ళకు నా ముక్కు ఉండాల్సిన చోట తెర నిండా తెల్లగడ్డం! కేకలు! నైటీలో ఉన్నోళ్ళు, తలకు నూనె పెట్టుకున్నోళ్ళు, అందరూ కెమెరాలు ఆపేసి పారిపోయినారు. గంగులమ్మ వెల్లుల్లి చాట ఎత్తేసుకునిందంట. మాధవక్క ఒక్కతే మిగిలె, కండ్లద్దాలు సర్దుకుంటా. నేను ఆ పాలల్లో తడిసిన ఇయర్‌ఫోన్ పీకేసి ఫోన్ స్పీకర్ పెట్టేస్తి.

"రత్నా! ఎవరాయన? లేడీస్ ఓన్లీ అని చెప్పాను కదా!"

"అక్కా, అది తర్వాత చెప్తా. ఫుల్ హౌస్ అక్కా! ఫుల్ హౌస్!"

ఆయమ్మ టికెట్టు సరిచూసె. ఒక్కొక్క నంబరే. అందరం ట్యాబ్ చుట్టూ ఉండాము. బాబా గడ్డం నా భుజం మీదికి వచ్చింది.

"డెబ్భై నాలుగా? డెబ్భై నాలుగు నేను పిలవనేలేదే! సారీ రత్నా, బోగీ. టికెట్ క్యాన్సిల్."

బాషా ఆ మాట అరబీలో చెప్పె. ఆ పెద్దోళ్ళ మొఖాలు చూడాల మీరు! బూ సాలెం ట్యాబ్ ముందర చేతులు జోడించి ఇంగ్లీషులో బతిమాలె. "మేడమ్, ప్లీజ్. షీ ఈజ్ గుడ్ కుక్. ఐ యామ్ విట్నెస్."

"సారీ సర్. రూల్ ఈజ్ రూల్" అనె మాధవక్క. "పైగా అందరూ భయపడి వెళ్ళిపోయారు. ఫుల్ హౌస్ శనివారం మళ్ళీ కొత్తగా ఆడిస్తాను. రత్నా, ఆ రోజు నువ్వు చూడటమే." పోతా పోతా ఆయమ్మ ఏం చేసిందో తెలుసా? తర్వాత పిలవాల్సిన నంబరు ఏందో ఊరికే తీసి చూపించె. డెబ్భై నాలుగు! ఒక్క నిమిషం ఆగుంటే గ్రైండర్ నాదే! నేనూ, బూ సాలెం ఇద్దరం స్టూళ్ళ మీద కూలబడితిమి.

అప్పుడు బాబాకు ఓట్స్ గుర్తొచ్చె. పొయ్యి పక్కన ఉండే హరీస్ గిన్నె చేతిలోకి తీసుకునె.

"రత్నా."

"నఅమ్, బాబా."

"హరీస్‌లో ఏముండాది?"

నేను నేల వైపు చూస్తి. ఏం చెప్పాల? మామా పేరు చెప్తే ఒట్టు పోయె, చెప్పకపోతే పని పోయె. ఒట్టు అయితే ఎట్లాగూ దివానియా టీవీలోనే పోయింది, అది వేరే సంగతి! అంతలో మెట్ల మీద చెప్పుల చప్పుడు. ఈ గోలకు మామా దిగి వస్తాంది. వంటింట్లో ఇంతమంది మొగోళ్ళను చూసి, నా మొఖం చూసి, బాబా చేతిలో గిన్నె చూసి, ఆయమ్మకు అంతా తెలిసిపోయె. ఆయమ్మ అనుకుంటే 'ఈ రత్నానే చేసింది, నాకేం తెలుసు' అని తప్పుకోవచ్చు. ఎవురు కాదంటారు? అట్లా చేయలే. నేరుగా వచ్చి నా పక్కన నిలబడె.

"నేనే వెయ్యమన్నా. డాక్టరు చెప్తే నువ్వు వినలే. నువ్వు పోతే ఈ ఇంట్లో నేను ఎవురితో కొట్లాడాల?"

బాబా గిన్నెనే చూసె. "నేను... నేను మా అమ్మ హరీస్ కన్నా బాగుందని అందరికీ చెప్పినానే!"

బూ సాలెం స్టూలు మీద నుంచే అనె, "అయితే మీ అమ్మ కన్నా ఓట్సే బాగా వండుతాది, వల్లా!"

ముందర ఒకరు కిసుక్కుమనిరి. తర్వాత ఇంగొకరు. చివరకు బాబా గిన్నె పక్కన పెట్టి, తలగుడ్డతో కండ్లు తుడుచుకుంటా నవ్వినాడు. మామా నవ్వలే, అయితే నా చేయి గిచ్చె. గిచ్చినప్పుడే నాకు పాణం వచ్చె. గిచ్చింది అంటే పంపించరు అని అర్థం! ఆ పెద్దోళ్ళలో సగం మందికి షుగరే. పోయేటప్పుడు ఒక్కొక్కరే వచ్చి, "ఆ ఓట్స్ ఏ రకం? ఎంత సేపు ఉడికించాల?" అని గుసగుసగా అడిగి పోయినారు.

ఇంతటితో అయిపోయి ఉంటే బాగుండు. తెల్లారి బూ సాలెం భార్య ఉమ్ సాలెం మామాకు ఫోన్ చేసె. రాత్రంతా మొగుడు బింగో బింగో అని నిద్ర పోనీలేదంట. లేడీస్ ఓన్లీ అంటే తాను లేడీ కాదా, తనను చేర్చుకుంటారా అని. మాధవక్కను అడిగితే, "ఆడవాళ్ళయితే సరే. భర్త మాత్రం కెమెరాలో కనపడకూడదు" అనె. ఇంగ ఆయమ్మకు సైన్-అప్ చేసేది ఎవురు? నేనే! ఇప్పుడు నేను అందులో ఆరితేరినదాన్ని గదా. ఫోన్లో గంటసేపు కూర్చుని, "ఉమ్ సాలెం, ఆ పాస్‌వర్డు వీక్, ఇంగొకటి చెప్పు" అని డాబుగా చెప్తా అన్నీ చేసి పెడితి. నీలం బటన్ మాత్రం నొక్కవద్దంటి.

శనివారం నేను ఉత్తినే చూస్తా కూర్చుంటి. ఉమ్ సాలెం కొత్త కదా, ఏమాడుతాదిలే అనుకుంటి. నిమ్మళంగా, ఖర్జూరం తింటా, ఒక్క నంబరు గూడా తప్పకుండా ఆడి, ఫుల్ హౌస్ కొట్టేసె! తెర వెనక నుంచి ఎవురో కర్రతో నేలను టకటకలాడిస్తా ఉండారు. మాధవక్క విననట్టే ఊరుకునె.

గ్రైండర్ వాళ్ళింటికి పోయె. అదేందో వాళ్ళకు తెలీదు. జ్యూసు మిషన్ అనుకొని ఖర్జూరాలు, పాలు పోసి తిప్పినారంట! రాళ్ళు కదలకుండా అతుక్కుపోతే మామాకు ఫోన్. మామా నన్ను కారులో ఎక్కించి పంపె. పోయి, అంతా కడిగి, ఇది పిండి రుబ్బేదమ్మా అని చెప్తి. చెప్పినదాన్ని ఊరుకోవచ్చు గదా? గొప్పకు పోయి బియ్యం, మినప్పప్పు నానబెట్టించి, రుబ్బి, మర్నాడు మళ్ళీ పోయి దోసెలు పోసి పెడితి. బూ సాలెం ఆరు తినె. మాషల్లా, మాషల్లా అని ఇంగో రెండు తినె. ఉమ్ సాలెం ఆ పూటే మామాతో మాట్లాడి ఖాయం చేసుకునేసె.

ఇంగ నుంచి ప్రతి బుధవారం నేను పోయి పిండి రుబ్బిపెట్టాల, ప్రతి బేస్తవారం పొద్దున పోయి దోసెలు పోయాల. గ్రైండర్ కోసం మూడుసార్లు సైన్-అప్ చేసినదాన్ని మే! ఇప్పుడు గ్రైండర్ వాళ్ళింట్లో ఉండాది, పిండి నా చేతులకుండాది. ఆ ఫ్రిజ్జు తెరిచి ప్యాకెట్ పిండి తీయండి, మనం దోసెలు పోసుకుందాం.